మేకు మనది, గోడ వాళ్ళది

హోటల్లో బొమ్మలు పెట్టుకోవడం గురించి నన్నెవరూ సలహా అడగలేదు. అడగకపోయినా చెప్పాల్సిన బాధ్యత అనుభవం ఉన్నవాడి మీద ఉంటుంది కాబట్టి చెబుతున్నాను. నేను డ్రాయింగు మాస్టరుగా రిటైరైనవాణ్ణి. నాయుడుపేటలో హైవే పక్కన ఒక హోటల్లో నావి తొమ్మిది నీటిరంగుల బొమ్మలు పదకొండు నెలలు వేలాడాయి. పెద్ద ఊళ్ళలో గ్యాలరీల వాళ్ళు వారం పది రోజులకే దించి గోడకు చేరేస్తారు. నావి పదకొండు నెలలు దించే దిక్కే లేదు. ఇంతకన్నా ఏం కావాలి? ఒక్కటైనా అమ్ముడుపోయిందా అని ఇంట్లో అడుగుతారు. ఇంట్లోవాళ్ళ ప్రశ్నలకు ఈ వ్యాసంలో చోటు లేదు.

ముందు ఊరి సంగతి. నాయుడుపేటలో గ్యాలరీ కోసం తిరిగితే చెప్పులు అరగడమే లాభం. టిఫిన్ హోటళ్ళున్నాయి, మెస్సులున్నాయి, కల్యాణ మండపాలున్నాయి, బట్టల షాపులున్నాయి. బట్టల షాపు మాత్రం వద్దు. వెంకటగిరి ఇక్కడికి దగ్గరే. జరీ అంచు చీర ఒకటి మడత విప్పి పక్కన పరిచారంటే మన నీటిరంగు బొమ్మ ఉతికిన జేబురుమాలులా కనిపిస్తుంది. హోటలే మేలు. ఊరున్న చోటు కూడా అలాంటిది. నెల్లూరు వైపు నుంచి 16వ నంబరు హైవే మీద వచ్చే బండి నేరుగా పోతే చెన్నై, ఇక్కడ కుడికి తిరిగితే శ్రీకాళహస్తి, తిరుపతి. పోయేటప్పుడు జుట్టుతో, వచ్చేటప్పుడు గుండుతో ఒకే మనిషి మనకు రెండుసార్లు తగులుతాడు. వీళ్ళు కాక మేనకూరు సెజ్‌లో పనిచేసేవాళ్ళు, సూళ్ళూరుపేట మీదుగా శ్రీహరికోట పోయేవాళ్ళు. ఇంతమంది ప్రేక్షకులు ముంబై జహంగీర్ ఆర్ట్ గ్యాలరీకి కూడా ఉండరని నేను లెక్క వేసుకున్నాను. ప్రేక్షకులకు ఆ సంగతి తెలియాల్సిన పని లేదు.

హోటలు ఎంచుకునేటప్పుడు లోపలికి వెళ్ళి కూర్చోకండి. శ్రీకాళహస్తిలో నాకొక కలంకారీ మిత్రుడున్నాడు, పెద్దవాడు, సలహాలివ్వడంలో నాకు పోటీ. పొద్దున టిఫిన్ వేళ ఒకసారి, మధ్యాహ్నం భోజనాల వేళ ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి పోయి కాఫీ తాగుతూ జనం కళ్ళెక్కడికి పోతున్నాయో చూసి రమ్మన్నాడు. నేను పోలేదని తానే పోయి చూసొచ్చాడు. వాళ్ళ కళ్ళు మూడు చోట్లకే పోతున్నాయట: సర్వరు వైపు, చేతిలో సెల్‌ఫోను వైపు, అద్దంలోంచి బయట ఆగి ఉన్న బస్సు వైపు. బస్సు వదిలేసి పోతుందేమోనన్న భయంతో దోసె తినే మనిషి బొమ్మ చూడడనీ, ఊరికే నిలబడేది బిల్లు కట్టే వరుసలో ఒక్కచోటేననీ, కౌంటరు వెనక గోడ అడగమనీ అన్నాడు. నేను ఆ గోడ అడగలేదు. చేతులు కడుక్కునే చోట గోడ అడిగాను. బిల్లు కట్టేవాడు ఇంటికొక్కడే, చెయ్యి కడుక్కునేది ఇంటిల్లిపాదీ. తర్కంలో తప్పేమీ లేదు. కాకపోతే చెయ్యి కడిగేటప్పుడు మనిషి తల వంచుతాడు, ఎత్తితే ఎదురుగా అద్దం ఉంటుంది, అద్దంలో వాడి పళ్ళుంటాయి. పళ్ళలో ఇరుక్కున్న కరివేపాకుతో పోటీపడి గెలిచిన చిత్రకారుడు ప్రపంచంలో ఎవడూ లేడు కాబట్టి నేను ఓడానని అనలేరు.

ఆ హోటల్లో ముందుగా భోంచేయడం కూడా మంచిది కాదు. చిత్రకారుడు మార్క్ రాత్కో చేసిన పొరపాటదే. న్యూయార్కులో ఫోర్ సీజన్స్ అనే ఖరీదైన రెస్టారెంటు గోడలకు పెద్ద పెద్ద బొమ్మలు వేస్తానని 1958లో ఒప్పుకున్నాడు, వేశాడు కూడా. మరుసటేడు భార్యతో కలిసి అక్కడికి భోజనానికి వెళ్ళాడు. తినేవాళ్ళను చూశాడు, తిరిగొచ్చి బొమ్మలివ్వనన్నాడు, పుచ్చుకున్న డబ్బు వెనక్కి ఇచ్చేశాడు. వాటిలో తొమ్మిది ఇప్పుడు లండన్‌లో టేట్ మ్యూజియంలో మసక వెలుగులో ఒక గది నిండా ఉన్నాయి. జనం బల్లల మీద కూర్చుని గంటల తరబడి చూస్తారట. ఒక్కపూట ఆకలి ఆపుకుని ఉంటే అవి హాయిగా వేపుడు వాసనల మధ్య ఉండేవి.

ఇక యజమానితో మాటలు. ఇక్కడ ఒకటే సూత్రం: కాయితం అడక్కండి. నేను అడగబోయాను కూడా. ఆయన నన్ను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, ఫిల్టర్ కాఫీ తెప్పించి, “మనలో మనకి కాయితాలేంది అయ్యోరా, మా పిల్లోడు మీ దగ్గర చదివినోడే గదా” అన్నాడు. గురువునన్న గౌరవం అంత ఉన్నచోట కాయితం పెట్టమంటే మర్యాదేనా? కలంకారీ మిత్రుడు దీనికీ ఒక జాబితా రాసిచ్చాడు: ఎన్ని బొమ్మలు, ఒక్కోదాని కొలత, ధర, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా, అమ్మితే హోటలుకెంత, పగిలినా, తడిసినా, పోయినా ఎవరిది పూచీ, దించేటప్పుడు ఎవరు దించాలి. బొమ్మలిచ్చిన రోజే ఒక్కోటీ ముందూ వెనకా ఫోటో తీసి యజమానికి వాట్సాప్‌లో పంపమన్నాడు. అంతా కలిపి ఒక పేజీ కూడా లేదు. ఆ పేజీ వెనకాల నేను పాల లెక్క రాసుకున్నాను.

కాయితం లేకపోతే చట్టం లేదా? ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 57వ సెక్షను అచ్చంగా మనకోసమే పెట్టారు. బొమ్మ అమ్మేసినా సరే, దాన్ని పాడుచేసి మన పేరు చెడగొడితే అడిగే హక్కు మనకుంటుంది. అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో కంచుతో పెద్ద కుడ్యశిల్పం చేశాడు. 1962 నాటికి పూర్తయింది. 1979లో భవనం మరమ్మతులంటూ ఆయనకు చెప్పకుండా దాన్ని ఊడబీకి గోదాములో పడేశారు, కొన్ని భాగాలు విరిగాయి, కొన్ని పోయాయి. ఆయన 1992లో కోర్టుకెళ్ళాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు అయిదు లక్షల పరిహారం ఇచ్చి, మిగిలిన ముక్కలు ఆయనకే అప్పగించమంది. అంటే పదమూడేళ్ళు ఓపిక పడితే చాలు. నేను రిటైరైంది అరవై రెండుకి. ఈ ఏడే కేసు వేస్తే డెబ్బై అయిదుకల్లా నా ముక్కలు నాకొచ్చేస్తాయి. ఒక పేజీ కాయితం కోసం ఇప్పట్నుంచీ ఎందుకు మొహమాటపడాలి?

ప్రతిఫలం మాటకొస్తే డబ్బు అడగడం చిన్నతనం. వస్తురూపంలో తీసుకోండి. 1967లో ఎయిర్ ఇండియా వాళ్ళు సాల్వడార్ డాలీ చేత, విమానం ఎక్కే పెద్దమనుషులకు కానుకగా ఇవ్వడానికి యాష్‌ట్రేలు చేయించుకున్నారు. డాలీ డబ్బు వద్దని ఏనుగు పిల్లనడిగాడు. బెంగళూరు నుంచి నిజంగానే ఏనుగు పిల్లను విమానంలో పంపారు. ఆ ధైర్యంతోనే నేనూ పైసా అడగలేదు. రోజూ ఒక ప్లేటు ఇడ్లీ నా వాటా అని తేల్చుకున్నాం. మొదటి నెల రెండు ఇడ్లీ, గారె. రెండో నెల నుంచి గారె ఆగింది. ఆరో నెలకు సర్వరు నా ముందు బిల్లు పెట్టాడు, కొత్తవాడట. బిల్లు కట్టాను. తగవు పెట్టుకుంటే బొమ్మల పరువు పోతుంది.

గోడ మీద మనకన్నా ముందు వచ్చినవాళ్ళుంటారు. వాళ్ళను గమనించకండి. మా హోటల్లో నేను పోయేసరికే వేంకటేశ్వరస్వామి నిలువెత్తు పటం, చుట్టూ సీరియల్ బల్బులు. పక్కన హోటలు పెట్టిన పెద్దాయన దండేసిన ఫోటో. దాని కింద ఎరువుల కంపెనీ క్యాలెండరు. గుమ్మం మీద దిష్టిబొమ్మ. దుకాణం గోడ మీద ఇవి ఊరికే చేరలేదు. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టి లక్ష్మినీ సరస్వతినీ చవకలో అచ్చేసి ఇళ్ళలోకీ అంగళ్ళలోకీ పంపిన నాటినుంచి ఆ గోడకు ఒక అలవాటుంది. గల్లాపెట్టెకు ఎదురుగా లక్ష్మి ఉండాలి, శుభం ఉండాలి, వ్యాపారం ఉండాలి. తర్వాత శివకాశి క్యాలెండర్లు వచ్చి ఆ అలవాటును ఏడాదికొకసారి మార్చే తేదీల కాయితాలతో సహా స్థిరపరిచాయి. మా చిన్నప్పుడు మంగలి షాపులో వడ్డాది పాపయ్య బొమ్మ, వారపత్రికలోంచి కత్తిరించింది, అన్నం మెతుకులతో అంటించి ఉండేది. జుట్టు కత్తిరించినంతసేపూ నేను దాన్నే చూసేవాణ్ణి. ఎందుకంటే తల కదిలించడానికి వీల్లేదు. బొమ్మ చూడ్డానికి అంతకంటే మంచి చోటు నేనింతవరకూ చూడలేదు. కానీ మంగలి షాపులో పెట్టమని సలహా ఇస్తే అది మంచి సలహా అయిపోతుంది.

నేను పెట్టినవి తొమ్మిదీ పులికాట్ సరస్సు మీద ఫ్లెమింగోలు. గులాబీ రెక్కలు, నల్ల అంచులు, నీళ్ళలో పొడుగు కాళ్ళ నీడలు. ఒక్కో బొమ్మకు దొరవారిసత్రం దగ్గర నేలపట్టుకీ, అక్కణ్ణించి సరస్సు గట్టుకీ నాలుగేసి సార్లు తిరిగాను. వీటిని పక్షుల కాలంలో పెట్టేవాడు అమాయకుడు. చలికాలంలో జనం సూళ్ళూరుపేట పక్షుల పండగకు వచ్చి నిజం పక్షుల్నే బైనాక్యులర్స్‌తో చూస్తుంటే మన కాయితం పక్షులెవరికి కావాలి? మేలో పెట్టాను. రోహిణి కార్తెలో ఒక్క పక్షీ ఉండదు కాబట్టి గిరాకీ అంతా మనదే. జనం కూడా ఉండరని, ఉన్నవాళ్ళు ఏసీ గదిలోంచి కదలరని అప్పుడు తట్టలేదు. ఇప్పుడు తట్టినా ఈ సలహా వెనక్కి తీసుకోను.

తగిలించడం దగ్గర చాలామంది జాగ్రత్తపడి చెడిపోతారు. డ్రిల్లుతో రంధ్రం చేసి, ప్లగ్గు కొట్టి, స్క్రూ బిగించి, చట్రానికి వెనక రెండు కొక్కేలు పెట్టి వాటికి తీగ కట్టి వేలాడదీస్తారు. యజమాని కొత్తగా పుట్టీ పెట్టించి రంగేయించాడు. డ్రిల్లు అనగానే ఆయన మొహంలో రంగు మారింది. “గోడకి బొక్కలా అయ్యోరా!” అన్నాడు. అందుకని రెండువైపులా అంటుకునే టేపు వేశాను. సముద్రం గాలి తగిలే ఊరు, పక్కనే కుళాయి, వెనక వంటగది ఆవిరి. టేపు పన్నెండు రోజులు పట్టింది. మొదటి బొమ్మ జారి పడినప్పుడు కింద ఉన్నది సాంబారు బక్కెట్టు. అదృష్టం, మూత ఉంది. తర్వాత యజమానే మనిషిని పెట్టి మేకులు కొట్టించాడు, పాత మేకులు, ఒక్కో బొమ్మకు ఒకటే. ఒక్క మేకు మీద ఆగిన బొమ్మ ప్రతి లారీకీ కొంచెం పక్కకు తిరుగుతుంది. హైవే మీద లారీలకు కొదవలేదు. నా ఫ్లెమింగోలు సాయంత్రానికల్లా సరస్సుతో సహా ఏటవాలుగా తూర్పుకు ఒరిగేవి.

ఎత్తు విషయంలో గ్యాలరీల వాళ్ళు బొమ్మ నడిమధ్య నేలకు అయిదడుగులు, అంతకు కొంచెం తక్కువ ఎత్తులో ఉండాలంటారు. నిలబడ్డ మనిషి కంటికి సరిపోయే ఎత్తది. కూర్చుని తినేవాళ్ళుంటే ఇంకా కిందకు దించాలి. ఇవన్నీ పట్టించుకుంటే పిల్లల చట్నీ చేతులు అంటుతాయి. నేను ఏడడుగుల ఎత్తున కట్టించాను. తల ఎత్తి చూస్తారు, దేవుణ్ణి చూసినట్టు. ఆ ఎత్తున అప్పటికే ఏసీ యంత్రం ఉంది, దాని గొట్టం కారుతుంది. అంతే.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను, వెలుతురు. దీనిమీద నా కలంకారీ మిత్రుడు నన్ను విసిగించినంతగా ఇంకెవరూ విసిగించలేదు. ఆయన పని మీకు తెలిసే ఉంటుంది. కోరా గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలల్లో నానబెట్టి ఆరబెడతారు. చింతబొగ్గుతో గీత గీస్తారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి నీళ్ళల్లో మురగబెడితే వచ్చే కసిం నల్లరంగు. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి కలం చేసి, దాన్ని కసింలో ముంచి గీస్తారు. ఎరుపు కావలసిన చోట పటిక పూసి, పారే నీళ్ళలో ఉతికి, చేవలకొడి వేసి ఉడకబెడతారు. మళ్ళీ ఉతుకుతారు, మళ్ళీ ఆరబెడతారు. కమలాదేవి చట్టోపాధ్యాయ పూనుకుని 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టించకపోతే ఈ పని ఎప్పుడో ఆగిపోయేది. అక్కడి జొన్నలగడ్డ గురప్పచెట్టికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ గుడ్డలు ఉతికిన స్వర్ణముఖే ఇక్కడ నాయుడుపేట పక్కనుంచి సముద్రానికి పోతుంది. అంత దూరం నీళ్ళలో నానినా పోని రంగు ఎండకు పోతుందంటాడు ఆయన. పసుపు ముందు పోతుందట, తర్వాత మిగతావి తమ తమ వరసలో. అందుకే ఆయనింట్లో మంచి గుడ్డలన్నీ ట్రంకుపెట్టెలో ఉంటాయి, అడిగినవాళ్ళకు విప్పి చూపించి మళ్ళీ మడిచేస్తాడు. మ్యూజియంల వాళ్ళు కూడా గుడ్డ మీదా కాయితం మీదా వేసిన బొమ్మలకు 50 లక్సులకు మించి వెలుతురు తగలనివ్వరు. అంటే మన ఇంట్లో సాయంత్రం దీపం పెట్టినప్పుడుండే వెలుగు. నడినెత్తి ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది. పాడైనంతా పాడైనట్టే, నీడలో పెట్టినంత మాత్రాన తిరిగిరాదు.

ఇదంతా విని నేనేమన్నానంటే, దేవుడు వెలుతురు ఇచ్చింది చూడ్డానికే అన్నాను. మా హోటలు ముందు వైపంతా అద్దం, పడమటి ముఖం. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఎండ నేరుగా వచ్చి కుళాయిల గోడ మీద పడుతుంది. స్పాట్‌లైట్ల ఖర్చు మిగిలింది. పైగా గులాబీకి నేను వాడింది అలిజరిన్ క్రిమ్సన్. దాని రంగు ఎండకు నిలవదని రంగుల పుస్తకాలన్నీ మొత్తుకుంటాయి, నేనే ముప్పై ఏళ్ళు పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పాను. చెప్పడం వేరు, గులాబీ అందం వేరు.

ఆగస్టుకి రెక్కల చివర్లు పాలిపోయాయి. నవంబరుకి ఒళ్ళంతా తెల్లబడింది. ఈశాన్య రుతుపవనం రానే వచ్చింది. మా కోస్తాకి అసలు వానలు అప్పుడే కదా. వాయుగుండం పట్టి వారం రోజులు ముసురు. చట్రాలు గోడకు అంటుకుని ఉన్నాయి. వెనక గాలి ఆడ్డానికి నాలుగు మూలలా బిరడా ముక్కలు అంటించమని మిత్రుడన్నాడు, అంటించలేదు. కాయితం ఉబ్బింది, బూజు పట్టింది, ఒక బొమ్మ వెనక బల్లి రెండు గుడ్లు పెట్టింది. రామబాణం పురుగు సరస్సులో ఒక మూల తినేసింది. జనవరిలో ఒక కుటుంబం చేతులు కడుక్కుంటూ మాట్లాడుకుంటుంటే స్తంభం చాటునుంచి విన్నాను. “కొంగలు బాగా ఏసినాడే” అన్నాడు తండ్రి. పరవశించిపోయాను. మొదటిసారి ఎవరో బొమ్మ చూశారు. ఫ్లెమింగో కొంగ అయిందంటే దాన్ని పరిణామ సిద్ధాంతం అనుకోవాలి కానీ నష్టం అనుకోకూడదు.

ప్రారంభోత్సవం ముందే చెప్పాల్సింది, మరిచాను. శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు పెట్టుకోండి, హాలు నిండుగా ఉంటుంది. మాది నిండుగానే ఉంది. భోజనానికి వరుసలో నిలబడ్డవాళ్ళు మమ్మల్ని తమకంటే ముందొచ్చిన పెళ్ళి బృందం అనుకున్నారు. పన్నెండడుగుల ఫ్లెక్సీ మీద ముఖ్య అతిథులు ఆరుగురి ఫోటోలు, యజమాని ఫోటో, ఆయన తండ్రి ఫోటో ఉన్నాయి. నాది పాస్‌పోర్టు సైజు. బొమ్మ ఒక్కటీ లేదు, చోటు చాలలేదన్నాడు ఫ్లెక్సీ వేసినాయన. శాలువాలు కప్పారు. ప్రసంగాలు మొదలయ్యాక బయట బస్సు హారన్ కొట్టింది, సగం సభ లేచిపోయింది. ముఖ్య అతిథి ఒకాయన కుళాయి తిప్పి చేతులు కడుక్కుని, తుడుచుకోవడానికి రిబ్బన్ వైపు చెయ్యి చాపాడు.

బొమ్మల కింద పేరు, రంగులు, ధర రాసిన చీటీ పెట్టకూడదు. ధర రాస్తే బేరమాడతారు. రాయకపోతే అడుగుతారు, అడిగినప్పుడు మనిషిని చూసి చెప్పుకోవచ్చు. ఎవర్నడుగుతారన్నది మాత్రం ముందుగా ఆలోచించకండి. క్యాషియర్ని అడుగుతారు. ఒక చేత్తో టోకెన్లు చింపుతూ, ఇంకో చేత్తో ఫోన్‌పే మోగిందా లేదా చూసుకుంటూ ఉండే మనిషి ఆయన. “అవి అమ్మేటివి గాదు సార్, ఊరికే పెట్టినాం” అని చెప్పి పంపేశాడట, ఇద్దరికో ముగ్గురికో. ఆ సంగతి పదో నెలలో ఆయనే నాతో ఎంతో గర్వంగా చెప్పాడు, నా బొమ్మల్ని కాపాడినట్టు. గ్యాలరీవాళ్ళు అమ్మకంలో మూడోవంతు, కొందరు సగం కూడా పట్టుకుంటారు. మా క్యాషియరు ఒక్క పైసా పట్టుకోలేదు.

అభిప్రాయాల పుస్తకం పెట్టడం మరవకండి. నేను రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ పెట్టాను, దారం కట్టిన పెన్నుతో. మొదటి అభిప్రాయం: “చట్నీ పులిసింది.” రెండోది ఫోన్ నంబరు. నాలుగో పేజీలో ఎవరో పిల్ల తల మీద కిరీటం ఉన్న నెమలి వేసింది, చాలా బాగా వేసింది. తర్వాత పెన్ను పోయింది, దారం మిగిలింది.

హోటలు వాళ్ళు మన బొమ్మను వాడుకుంటే అడ్డుపడకండి. ఆరో నెలలో నా పెద్ద బొమ్మ, అప్పటికి రంగు ఇంకా కాస్త ఉన్నది, పార్సిలు కవర్ల మీద కనిపించింది. ఫోన్ నంబరు వేయడానికి చోటు కావాలని పక్షికి ఒక కాలు తీసేశారు. ఫ్లెమింగో ఎటూ ఒంటికాలి మీదే నిలబడుతుంది కదా అని సరిపెట్టుకున్నాను. ఎవరో డబ్బిచ్చి వేయించుకున్నది కాక మనంతట మనం వేసుకున్న బొమ్మ ఎవరి గోడ మీదున్నా, అమ్మేసినా కూడా, రాతపూర్వకంగా రాసిస్తే తప్ప కాపీరైట్ వేసినవాడిదే. మనం పోయాక అరవై ఏళ్ళ దాకా మన వారసులదే. ఆ లెక్కన ఆ కవర్ల మీద రావలసింది ఏదైనా ఉంటే మా మనవలు అడుగుతారు. నేను ఒక కవరు మడిచి దాచి ఉంచాను, సాక్ష్యానికి. నిమ్మకాయ పులిహోర వాసన ఇంకా పోలేదు.

బొమ్మలు అక్కణ్ణించి కదలకుండా చూసుకోవడం కూడా మీ పనే. టేబుళ్ళు తుడిచే కుర్రాడొకడుండేవాడు, ఒడిశా నుంచి వచ్చినవాడు, ఇరవై లోపే. వచ్చిన రెండో వారమే కుళాయికి దగ్గరగా ఉన్న బొమ్మ దించి లోపలి గోడకు పెట్టాడు. ఎందుకు తీశావురా అంటే, “నీళ్ళు పడ్తంది సార్, పక్షి మీద” అన్నాడు. కేకలేశాను. కళాకారుడు పెట్టిన చోటునుంచి బొమ్మను కదిలించే అధికారం నీకెవరిచ్చారని, సెహగల్ కేసు గురించి కూడా కొంత చెప్పాను. మళ్ళీ అక్కడే పెట్టించాను. మర్నాడు ఆ బొమ్మ లేదు. యజమానిని అడిగితే, యాడికి పోతాదిలే అయ్యోరా, ఉంటాదిలే అన్నాడు. కాయితం లేదు కాబట్టి ఎన్ని ఇచ్చానో చూపడానికి నా దగ్గర ఏమీ లేదు. తొమ్మిదని నేనంటాను, ఎనిమిదే చూశానని క్యాషియర్ అంటాడు. అక్కడికి ఆ సంగతి ఆగింది.

ఏప్రిల్లో హోటలుకు కొత్త రంగులేయిస్తున్నారని ఫోను వచ్చింది. ఆటో మాట్లాడుకుని పోయాను. ఎనిమిది బొమ్మలూ మూటగట్టి మెట్ల కింద పెట్టి ఉన్నాయి, అద్దాలు మూడు పగిలి. కొంగలన్నీ బాగానే ఉన్నాయి. గోడ మీద ఎనిమిది పలకలు మిగిలాయి, చుట్టూ వెలిసిపోయి ఆ మేరకు కొత్తగా ఉన్న రంగు. ఆ వరుస నా బొమ్మలకన్నా బాగుందని ఒప్పుకుంటాను. లెక్క చూసుకుంటుంటే ఆ కుర్రాడొచ్చి పైకి రమ్మన్నాడు. మేడ మీద పనివాళ్ళు పడుకునే గది. ఆరు చాపలు, ఒక ఫ్యాను, తాడు మీద లుంగీలు. కిటికీ లేదు. వాడి చాప తల దగ్గర, కూర్చుంటే కంటికి సరిగ్గా అందే ఎత్తున, తొమ్మిదో బొమ్మ. చట్రం వెనక నాలుగు మూలలా మడిచిన అట్టముక్కలు పెట్టి గోడకు తగలకుండా కట్టాడు. సెల్‌ఫోను వెలుతురు దాని మీద వేసి చూపించాడు.

గులాబీ. రెక్క మొదట్లో ముదురుగా, చివరికొచ్చేసరికి నీళ్ళలో కలిసిపోతూ, నేను పులికాట్ గట్టు మీద కూర్చుని కలిపిన అదే గులాబీ. పక్షి రెండు కాళ్ళ మీదా నిలబడి ఉంది.

వాళ్ళ ఊరు చిలికా పక్కనట. అక్కడికీ వస్తాయట ఇవి.

“ఎంత సార్ ఇది?” అని అడిగాడు. లుంగీ మడతలోంచి పర్సు తీసి పట్టుకుని నిలబడ్డాడు.

ధర రాయకండి, అడిగినప్పుడు మనిషిని చూసి చెప్పుకోవచ్చని పైన మీకు సలహా ఇచ్చాను కదా. మనిషిని చూశాను. ఆలోచించి చెప్తానని కిందకు దిగొచ్చాను. ఆటోవాడు వెయిటింగ్ చార్జి అడుగుతున్నాడు. ఎనిమిదీ ఎక్కించుకుని ఇంటికొచ్చాను.

నాలుగు నెలలైంది. రెండుసార్లు ఆ హోటలుకు వెళ్ళి ఇడ్లీ తిని, బిల్లు కట్టి, మేడ మెట్ల దాకా పోయి తిరిగొచ్చాను.